మూడు అణాల లెక్క

పాఠ్యభాగ నేపథ్యం

మానవజాతి ఎదుర్కొంటున్న సమస్యలలో పేదరికం అతి ప్రాచీనమైనది. దానిని నిర్మూలించాలని ప్రతి ప్రభుత్వమూ సంకల్పిస్తుంది. అయితే పేదలు ఎవరు, ఎందరు, ఎంత లోతైన లేమిలో ఉన్నారు అనే ప్రశ్నలకు సమాధానం తెలియనిదే ఏ పథకమూ చేరవలసిన గడపను చేరలేదు. స్వతంత్ర భారత పార్లమెంటులో ఈ ప్రశ్నను సూటిగా నిలదీసిన ప్రజానాయకుడు డాక్టర్ రామ్‌మనోహర్ లోహియా. హైదరాబాదు నగరంతో గాఢమైన అనుబంధం గల ఆయన జీవితాన్ని, పేదరికాన్ని కొలిచే విధానాలకు ఆయన ప్రశ్నతో గల సంబంధాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రామ్‌మనోహర్ లోహియా 1910 మార్చి 23న ఉత్తరప్రదేశ్‌లోని అక్బర్‌పూర్‌లో జన్మించారు. ఆ పట్టణం అప్పుడు ఫైజాబాద్ జిల్లాలో ఉండేది. పూర్వికులు ఇనుము వ్యాపారం చేసినందువల్ల ఆ కుటుంబానికి లోహియా అనే ఇంటిపేరు స్థిరపడింది. పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఆ బాలుడికి తండ్రి హీరాలాలే సర్వస్వమయ్యారు. హీరాలాల్ గాంధీజీ అనుయాయి. జాతీయోద్యమంలో పాల్గొన్న దేశభక్తుడు. ఆయన తన కుమారుణ్ణి బాల్యంలోనే గాంధీజీ వద్దకు తీసుకువెళ్ళారు. సుఖాలను త్యజించి సామాన్యుల కోసం జీవించడమనే ఆదర్శం ఆ విధంగా లోహియా మనస్సులో చిన్ననాడే నాటుకొన్నది.

లోహియా బొంబాయిలో మెట్రిక్యులేషన్, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్, కలకత్తా విద్యాసాగర్ కళాశాలలో బి.ఏ. పూర్తిచేశారు. ఉన్నత విద్య కోసం విదేశాలకు వెళ్ళదలచిన నాటి యువకులలో పెక్కుమంది ఇంగ్లండును ఎన్నుకొనేవారు. లోహియా మాత్రం తన దేశాన్ని పాలిస్తున్న వారి విశ్వవిద్యాలయాలకు బదులు జర్మనీలోని బెర్లిన్ విశ్వవిద్యాలయాన్ని ఎన్నుకొన్నారు. అక్కడి బోధన జర్మన్ భాషలో సాగుతుంది. స్వల్పకాలంలోనే ఆయన ఆ భాషను అభ్యసించి, అందులోనే పరిశోధనను కొనసాగించారు.

ఆయన పరిశోధనకు తీసుకొన్న అంశం భారతదేశంలోని ఉప్పు పన్ను. గాంధీజీ 1930లో దండియాత్ర చేసి ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించిన రోజులవి. ఉప్పు పన్ను స్వభావం విచిత్రమైనది. కోటీశ్వరుడైనా, కూలివాడైనా తినే ఉప్పు ఇంచుమించు ఒక్కటే. చెల్లించే పన్ను కూడా ఒక్కటే. కాని సంపన్నుని ఆదాయంలో ఆ పన్ను లెక్కకు రానంత స్వల్పం. కూలివాని ఆదాయంలో అది ఒక పూట కూర ఖరీదు కావచ్చు. ఒకే సొమ్ము ఇద్దరి జీవితాలలో రెండు వేరువేరు బరువులై కూర్చుంటుందన్న సత్యం ఈ పన్నులో ఇమిడి ఉన్నది. దేశం మొత్తానికి వర్తించే అంకెను చూసి తృప్తిపడక, ఆ అంకె అట్టడుగు మనిషికి ఏమవుతుందో చూడడం లోహియా జీవితకాలపు అలవాటు. ఆ అలవాటుకు తొలి పాఠం ఉప్పులోనే లభించింది.

విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన నిర్భయత్వం లోకానికి వెల్లడయింది. 1930లో జెనీవాలో జరిగిన నానాజాతి సమితి సమావేశంలో భారతదేశ ప్రతినిధిగా బికనీరు మహారాజు ప్రసంగించారు. ప్రజలు ఎన్నుకోని వ్యక్తి ప్రజల ప్రతినిధిగా నిలబడడాన్ని సహించలేక, ప్రేక్షకుల గ్యాలరీ నుండి ఈల వేసి లోహియా నిరసన తెలిపారు. 1933లో డాక్టరేటు పట్టంతో స్వదేశానికి తిరిగివచ్చారు. ఓడ మద్రాసు తీరాన్ని చేరేసరికి ఆయన వద్ద రైలు టిక్కెట్టుకు కూడా డబ్బు లేదని, ఒక ఆంగ్ల దినపత్రిక కార్యాలయంలో కూర్చుని వ్యాసం రాసిచ్చి ఆ ప్రతిఫలంతో కలకత్తా చేరారని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు.

1934లో కాంగ్రెసు సోషలిస్టు పార్టీ ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో లోహియా ఒకరు. 1936లో జవహర్‌లాల్ నెహ్రూ ఆయన ప్రతిభను గుర్తించి, కాంగ్రెసు విదేశాంగ విభాగం బాధ్యతను అప్పగించారు. తరువాతి కాలంలో పార్లమెంటులో పరస్పరం తలపడిన ఈ ఇద్దరూ ఒకప్పుడు ఒకే కార్యాలయంలో కలిసి పనిచేసినవారే. యుద్ధ వ్యతిరేక ప్రసంగం చేసినందుకు 1940లో ప్రభుత్వం లోహియాను నిర్బంధించింది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో అజ్ఞాతంగా ఉండి, ఉషా మెహతా తదితరులు నడిపిన రహస్య కాంగ్రెసు రేడియోకు తోడ్పడ్డారు. 1944లో పట్టుబడి లాహోరు కోటలో చిత్రహింసలు అనుభవించారు. 1946లో విడుదలైన కొన్ని వారాలకే గోవాలో పోర్చుగీసు పాలనకు వ్యతిరేకంగా శాసనోల్లంఘన ప్రారంభించారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సోషలిస్టులు కాంగ్రెసు నుండి విడివడ్డారు. పార్టీలో తలెత్తిన విభేదాల ఫలితంగా లోహియా 1955 డిసెంబరు చివర, 1956 ఆరంభంలో హైదరాబాదు కేంద్రంగా నూతన సోషలిస్టు పార్టీని స్థాపించారు. ఆనాటి నుండి ఈ నగరం ఆయన ఆలోచనలకు పుట్టిల్లు అయింది. ఆయన సంపాదకత్వంలో మ్యాన్‌కైండ్ అనే ఆంగ్ల మాసపత్రిక 1956లో ఇక్కడి నుండే వెలువడింది. ఆయన గ్రంథాలలో పలు రచనలను హైదరాబాదులోని నవహింద్ ప్రచురణ సంస్థ అచ్చువేసింది. కల్పన అనే హిందీ సాహిత్య పత్రికను నడిపిన బద్రివిశాల్ పిత్తీ ఆయనకు ఆప్తమిత్రుడు, అనుచరుడు. ప్రసిద్ధ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌ను రామాయణ గాథను చిత్రించమని లోహియా ప్రోత్సహించినదీ, హుస్సేన్ ఆ చిత్రాలను పిత్తీ ఆదరణలో గీసినదీ ఈ నగరంలోనే.

1962 సాధారణ ఎన్నికలలో లోహియా ఫూల్‌పూర్‌లో నెహ్రూపై పోటీచేసి ఓడిపోయారు. మరుసటి ఏడాది ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి తొలిసారి లోక్‌సభలో అడుగుపెట్టారు. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వంపై ఆచార్య కృపలానీ అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. స్వతంత్ర భారత లోక్‌సభ చర్చించిన మొదటి అవిశ్వాస తీర్మానం అది. 62 మంది అనుకూలంగా, 347 మంది ప్రతికూలంగా ఓటు వేయడంతో ఆ తీర్మానం వీగిపోయింది. ఓట్ల లెక్కను నేడు చాలామంది మరచిపోయారు. ఆ చర్చలో లోహియా చెప్పిన మరొక లెక్క మాత్రం దేశచరిత్రలో నిలిచిపోయింది.

ఈ దేశంలో 27 కోట్ల మంది, అనగా జనాభాలో నూటికి 60 మంది, రోజుకు మూడు అణాలతో బ్రతుకుతున్నారని లోహియా సభకు తెలిపారు. ప్రధానమంత్రిపై ప్రభుత్వం రోజుకు 25,000 రూపాయలు ఖర్చు చేస్తున్నదని కూడా ఆరోపించి, ఆ రెండు అంకెలను పక్కపక్కన నిలబెట్టారు. అప్పటికి దశాంశ నాణేలు వచ్చి ఆరేళ్ళయినా ప్రజలు ఇంకా అణాలలోనే మాట్లాడుకొనేవారు. రూపాయికి 16 అణాలు. మూడు అణాలంటే సుమారు 19 పైసలు. నెలకు లెక్కిస్తే 5 రూపాయల 10 అణాలు.

నెహ్రూ ఈ అంకెను అంగీకరించలేదు. తలసరి ఆదాయం రోజుకు 15 అణాల వరకు ఉన్నదని ఆయన సమాధానం చెప్పారు. ఆ అంకె జాతీయాదాయం లెక్కల నుండి వచ్చినదే. అయితే అది దేశం మొత్తపు సగటు. లోహియా అభ్యంతరం సరిగ్గా అక్కడే మొదలైంది. తాను అడుగుతున్నది అట్టడుగున ఉన్న 60 శాతం మంది గురించి అయితే, ప్రభుత్వం సంపన్నులను కూడా కలిపి లెక్కించిన సగటును చెబుతున్నదని ఆయన వాదించారు.

సగటు అనే లెక్కలోని మర్మం గ్రహించడానికి హైదరాబాదు నగరం తూర్పు భాగం నుండే ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొనవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారికి ఇరువైపులా నగల దుకాణాలు, బట్టల దుకాణాలు, శిక్షణ సంస్థలు, విద్యార్థుల వసతి గృహాలు బారులు తీరి ఉంటాయి. ఆ దారిలోనే తోపుడుబండ్ల మీద పండ్లు అమ్ముకొనేవారు, పని కోసం అడ్డామీద ఎదురుచూసే కూలీలు కూడా కనిపిస్తారు. ఒక కూడలిలో పది మంది నిలబడి ఉన్నారనుకుందాం. వారిలో తొమ్మిది మంది కూలీలు. ఒక్కొక్కరికి ఆ రోజు 500 రూపాయలు లభించింది. పదవవ్యక్తి దుకాణం యజమాని. ఆయన ఆదాయం 15,500 రూపాయలు. అందరి ఆదాయాన్ని కలిపితే 20,000 రూపాయలు. సగటు 2,000 రూపాయలు. లెక్కలో పొరపాటేమీ లేదు. అయినా ఆ పది మందిలో 2,000 రూపాయలు సంపాదించిన మనిషి ఒక్కడూ లేడు. తొమ్మిది మంది పేదరికాన్ని ఆ ఒక్కరి ఆదాయం కప్పివేసింది.

ఈ ఉదాహరణను మరొక మెట్టు ముందుకు తీసుకువెళ్ళవచ్చు. అడ్డా కూలీకి ప్రతిరోజూ పని దొరకదు. నెలలో 15 రోజులు పని దొరికితే ఆదాయం 7,500 రూపాయలు. ఇంట్లో ఐదుగురు ఉంటే మనిషికి నెలకు 1,500 రూపాయలు. రోజుకు 50 రూపాయలు. ఉదయం 500 రూపాయలుగా కనిపించిన కూలి, ఇంటి గడప చేరేసరికి మనిషికి 50 రూపాయలుగా మారింది. పేదరికాన్ని కొలిచేవారు కూలిరేటును మాత్రమే చూస్తే చాలదు. పనిదినాలను, కుటుంబ సభ్యుల సంఖ్యను, ధరలను కూడా చూడాలి.

పార్లమెంటులో చర్చ అంతటితో ముగియలేదు. అడుగున ఉన్న 60 శాతం మంది తలసరి వినియోగం రోజుకు ఏడున్నర అణాలని నాటి ప్రణాళికా మంత్రి గుల్జారీలాల్ నందా సభకు తెలిపారు. లోహియా పట్టుదల ఫలితంగా 1963 సెప్టెంబరులో ఈ విషయంపై లోక్‌సభ ప్రత్యేకంగా చర్చించింది. ఒక వ్యక్తి రోజుకు ఎంతతో బ్రతుకుతున్నాడన్న ప్రశ్న దేశ అత్యున్నత సభలో గంటల తరబడి చర్చకు రావడం అపూర్వం. పత్రికల ద్వారా ఆ చర్చ సామాన్య ప్రజలకు చేరింది. అర్థశాస్త్రజ్ఞుల గదులలో ఉండిపోయిన జాతీయాదాయం అనే భావన రచ్చబండల మీద మాటల సందర్భమయింది.

ఎవరి లెక్క సరైనదన్న ప్రశ్నకు పక్షపాతం లేకుండా సమాధానం చెప్పుకోవాలి. వినియోగ సర్వేల అంకెలతో పోల్చి చూస్తే 27 కోట్ల మందికీ మూడు అణాలే అన్నది తక్కువ అంచనా. ప్రణాళికా మంత్రి చెప్పిన ఏడున్నర అణాలు వాస్తవానికి మరింత దగ్గరగా ఉన్నాయి. కాని ఆ ఏడున్నర అణాలు ఏమి చెబుతున్నాయో కూడా చూడాలి. 1962లో ప్రభుత్వం తరఫున సమావేశమైన నిపుణుల బృందం ఒక మనిషి కనీస జీవనానికి 1960-61 ధరలలో నెలకు 20 రూపాయలు అవసరమని నిర్ణయించింది. విద్య, వైద్యం ప్రభుత్వమే సమకూరుస్తుందన్న భావనతో వాటి ఖర్చును ఆ 20 రూపాయలలో చేర్చలేదు. ఇప్పుడు మూడు లెక్కలనూ నెలకు మార్చి చూస్తే, 15 అణాల చొప్పున 28 రూపాయలకు పైన; ఏడున్నర అణాల చొప్పున 14 రూపాయలు; మూడు అణాల చొప్పున ఆరు రూపాయల లోపు. సగటును నమ్మితే దేశం కనీస జీవన రేఖను దాటిపోయింది. ప్రభుత్వం ఒప్పుకొన్న రెండవ అంకెను నమ్మినా, దేశంలోని సగానికి పైగా జనుల సగటు వినియోగం ఆ రేఖకు చాలా దిగువన ఉన్నది. లోహియా అంకె తప్పి ఉండవచ్చు. ఆయన ప్రశ్న తప్పలేదు.

ఇటువంటి ప్రశ్న వేసినవారిలో లోహియా మొదటివారు కారు. దాదాభాయి నౌరోజీ 1876లోనే భారతీయుని సగటు వార్షికాదాయం 20 రూపాయలని అంచనా వేశారు. కారాగారంలోని ఖైదీ తిండికి, బట్టకు ప్రభుత్వం పెట్టే ఖర్చు అంతకన్నా ఎక్కువని ఆయన నిరూపించారు. స్వేచ్ఛాజీవి కన్నా ఖైదీయే మెరుగుగా తింటున్నాడంటే ఆ పాలన ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో సీబోమ్ రౌంట్రీ యార్క్ నగరంలోని శ్రామిక కుటుంబాలను పరిశీలించి, శరీరపోషణకు కావలసిన కనీస ఖర్చు ఆధారంగా పేదలను లెక్కించి 1901లో గ్రంథం ప్రకటించారు. నౌరోజీ ప్రశ్న పరాయి పాలకులను ఉద్దేశించినది. లోహియా అదే ప్రశ్నను స్వదేశీ పాలకులను అడిగారు.

పేదరికాన్ని లోహియా డబ్బుతో మాత్రమే కొలవలేదు. గ్రామాలలో మరుగుదొడ్లు లేక స్త్రీలు పడే అవమానం గురించి, మంచినీటి కోసం నడిచే దూరం గురించి, పొగచూరిన వంటిళ్ళలో పాడయ్యే కళ్ళ గురించి ఆయన పదేపదే మాట్లాడారు. అప్పటి రాజకీయ వేదికలపై ఇటువంటి విషయాలు ప్రస్తావించే నాయకులు అరుదు. స్త్రీపురుషుల మధ్య, కులాల మధ్య, వర్ణాల మధ్య, దేశాల మధ్య గల అసమానతలన్నీ ఏకకాలంలో తొలగాలని ఆయన సప్తక్రాంతి సిద్ధాంతం ప్రబోధించింది. 1964లో అమెరికాలో పర్యటిస్తూ, నల్లజాతివారికి ప్రవేశం లేని ఒక భోజనశాలలోకి వెళ్ళడానికి ప్రయత్నించి మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరంలో అరెస్టయ్యారు. జేబులో డబ్బు ఉన్నా మనిషికి అన్నం దొరకని పరిస్థితి ఒకటి ఉంటుందని ఆ సంఘటన లోకానికి చాటింది.

నెహ్రూ మరణానంతరం 1964లో లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానమంత్రి అయ్యారు. ఎల్.బి.నగర్ ఆయన పేరు మీద ఏర్పడిన ప్రాంతమే. ఆహార కొరత తీవ్రంగా ఉన్న ఆ రోజులలో వారానికి ఒక పూట భోజనం మానమని శాస్త్రి ప్రజలను కోరారు. ఆ పిలుపును ఎందరో హృదయపూర్వకంగా పాటించారు. అయితే మానడానికి ఒక పూట భోజనం మిగిలి ఉన్నవారే ఆ త్యాగం చేయగలరు. దేశంలో అది కూడా లేనివారు ఎందరన్నది లోహియా సభలో అడుగుతూ వచ్చిన ప్రశ్న.

1967 ఎన్నికలలో లోహియా కన్నౌజ్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే ఏడాది శస్త్రచికిత్స అనంతరం అస్వస్థత తీవ్రమై, అక్టోబరు 12న ఢిల్లీలోని వెల్లింగ్డన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు. అవివాహితులైన ఆయన తనకంటూ ఆస్తిపాస్తులు మిగుల్చుకొనలేదు. ఆ ఆసుపత్రి తరువాతి కాలంలో ఆయన పేరును ధరించింది.

లోహియా మరణానంతరం పేదరికపు కొలత ఒక శాస్త్రంగా వికసించింది. 1971లో వి.ఎం. దండేకర్, నీలకంఠ రథ్ అనే అర్థశాస్త్రజ్ఞులు రోజుకు 2,250 కేలరీల ఆహారం పొందడానికి కావలసిన ఖర్చును ఆధారం చేసుకొని పేదలను లెక్కించారు. 1979లో అలఘ్ అధ్యక్షతన గల బృందం గ్రామీణులకు 2,400, పట్టణవాసులకు 2,100 కేలరీలు ప్రమాణంగా నిర్ణయించింది. మెట్టపంటల పరిశోధనకు పటాన్‌చెరువు వద్ద నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ 1975 నుండి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాలలో రైతుల, కూలీల కుటుంబాల ఆదాయవ్యయాలను దీర్ఘకాలం నమోదు చేసింది. ఒక ఏడు పేదగా ఉన్న కుటుంబం మరొక ఏడు గట్టెక్కడం, వర్షాభావం వల్ల తిరిగి కిందికి జారడం ఇటువంటి అధ్యయనాల వల్లనే స్పష్టంగా తెలిసింది.

దారిద్ర్యరేఖను కొద్దిగా జరిపితే ఎంత మార్పు వస్తుందో ఇటీవలి చరిత్ర కూడా చూపుతుంది. టెండూల్కర్ సంఘం పద్ధతి ప్రకారం 2011-12లో గ్రామాలలో నెలకు 816 రూపాయలు, పట్టణాలలో 1,000 రూపాయలు దారిద్ర్యరేఖ. ఆ లెక్కన దేశంలో పేదలు సుమారు 27 కోట్లు. గతంలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన అర్థశాస్త్రజ్ఞుడు సి. రంగరాజన్ అధ్యక్షతన గల సంఘం 2014లో ఆ రేఖను గ్రామాలలో 972 రూపాయలకు, పట్టణాలలో 1,407 రూపాయలకు పెంచవలెనని సూచించింది. అదే ఏడాదికి పేదల సంఖ్య 36 కోట్లు దాటింది. ఏ ఇంటి పొయ్యిలోనూ నిప్పు ఆరలేదు, కొత్తగా వెలగలేదు. కాగితం మీద గీత మాత్రమే జరిగింది. ఆ గీతకు రెండు వైపుల మధ్య తొమ్మిది కోట్ల మంది మనుషులున్నారు. గీత ఎక్కడ గీయాలన్న నిర్ణయం ఎంత బరువైనదో దీనివల్ల బోధపడుతుంది.

ప్రపంచ దేశాలన్నింటినీ ఒకే కొలమానంతో చూడడానికి ప్రపంచ బ్యాంకు 1990లో రోజుకు ఒక డాలరు అనే రేఖను ప్రతిపాదించింది. ధరల మార్పులను అనుసరించి దానిని సవరిస్తూ, 2025 జూన్‌లో మూడు డాలర్లుగా నిర్ణయించింది. ఇది బ్యాంకులో మార్చుకొనే డాలరు కాదు. ఒక డాలరుతో అమెరికాలో కొనగలిగిన తిండి, బట్ట మన దేశంలో అంతకన్నా తక్కువ సొమ్ముకే లభిస్తాయి. అందువల్ల ఏ దేశంలో ఎంత సొమ్ముకు ఎంత సరుకు వస్తుందో చూసి, ఆ కొనుగోలు శక్తిని సమం చేసి లెక్కిస్తారు. న్యూయార్కు నగరంలోని మనిషిని, దిల్‌సుఖ్‌నగర్ బజారులోని మనిషిని ఒకే త్రాసులో తూచడానికి చేసిన ప్రయత్నమిది.

ఆ త్రాసు కూడా చాలదని గ్రహించి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి 2010లో బహుముఖ పేదరిక సూచికను ప్రవేశపెట్టారు. పోషణ, శిశుమరణాలు, బడికి వెళ్ళిన సంవత్సరాలు, పిల్లల బడి హాజరు, వంటచెరకు, మరుగుదొడ్డి, మంచినీరు, విద్యుత్తు, ఇల్లు, గృహోపకరణాలు అనే పది అంశాలు అందులో ఉన్నాయి. వీటికి గర్భిణుల ఆరోగ్యాన్ని, బ్యాంకు ఖాతాను చేర్చి నీతి ఆయోగ్ 2021లో భారతదేశానికి ప్రత్యేక సూచికను ప్రకటించింది. పొగలేని పొయ్యి, మరుగుదొడ్డి, దగ్గరలో మంచినీరు అనే మూడింటినీ ఈ జాబితాలో చూసినప్పుడు, అర్ధశతాబ్దం క్రితం లోహియా చేసిన ప్రసంగాలు స్ఫురణకు రాక మానవు.

కొలత వల్ల ఆకలి తీరదు. అయితే కొలవని ఆకలి ప్రభుత్వాల దృష్టికి రాదు. సగటు అనే తెర వెనుక ఉన్న మనుషులను వెలుపలికి తెచ్చి, వారిని లెక్కలోకి తీసుకొనక తప్పని స్థితిని పాలకులకు కల్పించడం లోహియా చేసిన మహోపకారం. నేటి విద్యార్థులు రేపు అధికారులుగా, ఉపాధ్యాయులుగా, పాత్రికేయులుగా ఎన్నో అంకెలను చదువుతారు, రాస్తారు. ఏ అంకె కనిపించినా, అందులో అట్టడుగు మనిషి వాటా ఎంత అని అడగగలిగితే ఈ మహనీయుని జీవితం వారికి ఉపకరించినట్లే.

కఠిన పదాలు – అర్థాలు

అనుయాయి = అనుసరించేవాడు
పెక్కుమంది = చాలామంది
త్యజించు = విడిచిపెట్టు
శాసనోల్లంఘన = చట్టాన్ని ధిక్కరించడం
వీగిపోవు = ఓడిపోవు
అపూర్వం = మునుపు లేనిది
కారాగారం = చెరసాల
వంటచెరకు = వంటకు వాడే ఇంధనం
స్ఫురణ = జ్ఞాపకానికి రావడం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మూడు అణాల చర్చ నేపథ్యాన్ని, ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. పేదరికాన్ని కొలిచే విధానాలు కాలక్రమంలో ఎలా మారాయో తెలపండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఉప్పు పన్ను పేదవారికి ఎందుకు ఎక్కువ భారమవుతుంది?
2. సగటు ఆదాయం పేదరికాన్ని ఎలా కప్పివేస్తుంది?
3. హైదరాబాదు నగరంతో లోహియాకు గల అనుబంధాన్ని తెలపండి.

ఇ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. లోహియా ఏ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు?
2. 1963లో అవిశ్వాస తీర్మానాన్ని ప్రవేశపెట్టినది ఎవరు?
3. బహుముఖ పేదరిక సూచిక ఏ సంవత్సరంలో వెలువడింది?